హానుమ్ కాగితాలు, మాబున్ని గ్లాసులు

కువైట్ నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. మా తణుకులో ఎదురుపడ్డ ప్రతివాడూ బంగారం ఎంత తెచ్చావని అడుగుతున్నాడు. బంగారం కాదయ్యా, ఒక టర్కీ కవయిత్రి మీద డాక్యుమెంటరీ తీస్తుంటే అందులో రాయచోటి తెలుగును ఇంగ్లీషులోకి మార్చి పెట్టడానికి వెళ్లానంటే, కాసేపు నా మొహంలోకి చూసి, "పోనీ ఖర్జూరాలైనా తెచ్చావా" అంటున్నారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పుకు రావాలంటే ఊళ్లో కాఫీ చాలదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఆ కవయిత్రి సంగతి. పేరు బయటపెట్టనని దర్శకురాలు నెస్రిన్ నాచేత ఒట్టు వేయించుకుంది కనక, ఆవిడను ఇంట్లో పిలిచినట్టే హానుమ్ అంటాను. మనం అమ్మగారు అన్నట్టు. హానుమ్ రాసిన ఒకే ఒక్క కవితకు సగం దేశం ఆవిడ పుస్తకాలు తగలబెట్టింది, మిగతా సగం పుట్టిన ఆడపిల్లలకు ఆవిడ పేరు పెట్టుకుంది. ఈ సగాల లెక్క నాది. నెస్రిన్ చెప్పింది "కొందరు తిట్టారు, కొందరు మెచ్చుకున్నారు" అని మాత్రమే. తరువాత హానుమ్ దేశం విడిచి, కువైట్‌లో చమురు ఇంజనీరుగా ఉన్న తమ్ముడింట్లో ఆరేళ్లు ఉండి, అక్కడే పోయింది. ఆ ఆరేళ్లలో ఒక్క అక్షరం అచ్చు కాలేదు. దాంతో మెచ్చుకున్నవాళ్లు కూడా ప్లేటు తిప్పేశారు. నోరు మూసుకున్నందుకు ఎవరో బాగా ముట్టజెప్పారనీ, ఆవిడ కలం అమ్ముకుందనీ ఇప్పటికీ టర్కీలో ఇళ్లలో పోట్లాటలేనట.

నెస్రిన్‌కు తెలియవలసింది ఒక్కటే. ఆ ఆరేళ్లూ హానుమ్ రాసిందా, రాయలేదా? తమ్ముడు నోరు విప్పడు. ఇక ఆ ఇంట్లో పొద్దస్తమానం ఉన్న మనిషి, వంటా ఇల్లూ చూసుకున్న మాబున్ని. ఊరు రాయచోటి. ఆమె మాట్లాడతానంది గాని ఒక షరతు పెట్టింది. కువైట్‌లో ఉన్న తెలుగువాడెవడూ మధ్యలో ఉండకూడదు. అక్కడ ఒక గదిలో అన్న మాట సాయంత్రానికి అన్ని గదులకూ చేరుతుంది. వచ్చి, చెప్పిన మాట మార్చి పెట్టి, విమానమెక్కి పోయేవాడు కావాలి. మా మేనకోడలు ఇస్తాంబుల్లో చదివినప్పుడు నెస్రిన్ దగ్గర పాఠాలు విన్నది కాబట్టి, కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ, తీరిక వేళల్లో హాస్యవ్యాసాలు రాసే ఈ మేనమామ పేరు పైకొచ్చింది.

నేను రెండు పెట్టెలతో బయలుదేరాను. ఒకదాన్నిండా బట్టలు. రెండోదాన్నిండా నా హాస్యవ్యాసాల పుస్తకాలు, ముప్పై కాపీలు. ఊళ్లో ఎవరూ కొనలేదు. పరాయిదేశంలో మన భాష కోసం అలమటించే వాళ్లుంటారు కదా, ఎగబడతారని నా ఆశ.

ఫహాహీల్

ఎడారి అంటే వేడి అన్న ఒక్క ముక్క పట్టుకుని పల్చటి చొక్కాలు తీసుకెళ్లాను. జనవరి తెల్లవారుజామున విమానం దిగేసరికి సముద్రం మీంచి వచ్చిన గాలి నా చొక్కాలోంచి దూరి వెనకవైపు నుంచి బయటికి పోయింది. నా పళ్లు ఎంత గట్టిగా కొట్టుకున్నాయంటే, పక్కాయన తన ఫోను మోగుతోందనుకుని జేబు తడుముకున్నాడు.

నెస్రిన్ నాకోసం పంపిన టాక్సీ డ్రైవరు రాజన్నది జగిత్యాల. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, డిక్కీలోంచి పసుపుపచ్చ జాకెట్టు తీసిచ్చాడు. రోడ్డు పనివాళ్లు వేసుకునే రకం, లైటు పడితే మెరుస్తుంది.

"ఏసుకోండ్రి సార్. మావోనిది. సలి పోవుడు ముఖ్యం, సోకు గాదు."

ఆ జాకెట్టు ఐదు రోజులు నా ఒంటిమీదే ఉంది. దానివల్ల కువైట్‌లో నాకు లభించిన గౌరవం ప్రత్యేకమైనది. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు వచ్చి ఏసీ చూపించేవారు. ఒకాయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పగిలిన మురుగు గొట్టం ముందు నిలబెట్టాడు.

నేను హోటల్లో దిగవలసినవాణ్ని. ఆ గదికి పొయ్యి లేదని తెలిసి రాజన్న ఒప్పుకోలేదు. అలా ఫహాహీల్ మార్కెట్టు వెనక, నలుగురు జగిత్యాల మనుషులున్న గదిలో ఐదోవాణ్నయ్యాను. మొదటిరోజే పచ్చిపులుసు, వేయించిన చేప, అరబ్బు రొట్టె. ఆ రొట్టె మా ఇంటి గడియారం కన్నా పెద్దది. రెండు పచ్చిపులుసులో ముంచి తింటే ప్రయాణపు బడలిక, జన్మజన్మల ఆకలి రెండూ తీరాయి. కింద దుకాణంలో పాలటీ నూటయాభై ఫిల్సులు. వెయ్యి ఫిల్సులైతే ఒక దీనారు, దీనారు మన మూడు వందలకు కాస్త అటూ ఇటూ. గుక్కగుక్కకూ రూపాయల్లోకి మార్చుకుంటూ తాగితే ఏ టీ అయినా చల్లారిపోతుందని అక్కడే తెలిసింది.

భోజనం అయ్యాక నా పుస్తకాలు తీసి తలా ఒకటి ఇచ్చాను. రాజన్న తన కాపీని బరువు చూసినట్టు ఎగరేసి పట్టుకున్నాడు.

"మంచిగున్నది సార్. అట్ట గట్టిగున్నది."

మర్నాడు పొద్దున వేడి గిన్నె కింద కనిపించింది. పులుసు ఒలికినా అట్ట చెక్కుచెదరలేదు. రాజన్న తీర్పు నిజమే.

అహ్మది

రెండో రోజు హానుమ్ ఉన్న ఇల్లు చూడటానికి అహ్మది వెళ్లాం. చమురు కంపెనీ ఊరు. ఎడారి మధ్యలో ఎవరో పచ్చిక బయళ్లు పరిచి, చెట్లు నాటి, ఒంటి అంతస్తు ఇళ్లు కట్టి, గీతలు గీసినట్టు వీధులు వేశారు. ఆ పచ్చదనం చూసి మా గోదావరి జిల్లా వాణ్ని నాకే కుళ్లు పుట్టింది. మాకు దేవుడిచ్చింది వీళ్లు గొట్టాలతో తెచ్చుకున్నారు.

నెస్రిన్ పొట్టి మనిషి. అడుగుకు మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఆమె కెమెరామన్ మురాత్‌కు మీసాలే గాని మాటల్లేవు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు తోటలో పది నిమిషాలు తీసుకోమన్నారు. నన్ను మాత్రం లోపలికి పిలిచి గీజరు చూపించారు.

బయటికొచ్చేసరికి నెస్రిన్ వంటింటి కిటికీ ముందు నిలబడి ఉంది. అరిచేతిని అద్దానికి ఆనించింది.

"ఇక్కడ కూర్చునేదట," అంది. "మా ఇంట్లో మా నాన్న ఈవిడ కవితలు గోడమీద రాసుకున్నాడు. తరువాత ఆయనే సున్నం కొట్టించాడు. చనిపోయేదాకా పేరెత్తనివ్వలేదు. మోసం చేసింది అనేవాడు. చేసిందో లేదో నాకు తెలియాలి."

అప్పటిదాకా నాకిది ఉచిత విమానప్రయాణం. ఆ కిటికీ దగ్గర జాకెట్టు జిప్పు పైదాకా లాక్కున్నాను. ప్రపంచ సాహిత్య చరిత్రను మలుపు తిప్పే మాట నా నోటిగుండానే బయటికి రాబోతోంది. అంత పెద్ద పని నాలాంటివాడికి అప్పగించడం ఎంత ప్రమాదమో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఫహాహీల్ ఒడ్డున శుక్రవారం

మాబున్ని ఇప్పుడు సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటావిడ, అంటే వీళ్ల భాషలో మామా, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు సెలవిచ్చింది. రాజన్న టాక్సీలో తీసుకొచ్చి, ఆమె షరతు ప్రకారం మాటలు వినబడనంత దూరంలో బండి దగ్గరే ఉండిపోయాడు.

యాభై దాటిన మనిషి. నల్లటి అబాయా, తలమీద చున్నీ, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి మా అందరికీ ఉల్లిపాయ సమోసాలు తీసి పంచాకే కూర్చుంది. ఆ సమోసా గురించి రెండు పేజీలు రాయగలను. రాస్తే మీరు కూర్చున్నచోట కూర్చోలేరు.

నన్ను పరీక్షగా చూసింది. "నువ్వు ఎప్పుడు పోతావ్ సార్?"

"మంగళవారం అండీ."

"తిరిగి రావు కదా?"

"రాను."

"అట్లయితే అడుగు."

హానుమ్ ఎలా ఉండేదని నెస్రిన్ అడిగింది.

"మంచి మనిషే సార్. పిలకాయల్లేరు. చేప తినేది. కోపమొస్తే పలకదు, అంతే."

ఇక్కడ నా నేరం మొదలైంది. అంత చిన్న జవాబును సముద్రం ముందు, కెమెరా ముందు ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఆవిడ ఒంటరి దీపస్తంభం. ఆవిడ మౌనం ముందు ఆ ఇంటి గోడలు వణికేవి" అన్నాను. నెస్రిన్ కళ్లు పెద్దవయ్యాయి. నాకు ఊపొచ్చింది.

"రాసేదా?" అని నెస్రిన్ ముందుకు వంగింది.

మాబున్ని సముద్రం వైపు చూసింది. "రాసేది. చింపేది. బుట్టలో ఏసేది."

ఇదే అసలు మాట. రాసింది. సినిమా మొత్తం ఈ ఒక్క మాట కోసమే. నేను దాన్ని అక్కడితో ఆపానా? "ఆవిడ తుపానులా రాసేది. రాసినదాన్ని కన్నీళ్లతో ముక్కలు చేసేది. ఆ ముక్కలు ఎక్కడ దాగి ఉన్నాయో ఈ ఎడారికీ, ఈ స్త్రీకీ మాత్రమే తెలుసు" అన్నాను.

నెస్రిన్ నన్ను అనుమానంగా చూసింది. "ఆమె మూడు ముక్కలు మాట్లాడింది. మీరు నిమిషం మాట్లాడారు."

"తెలుగు అలాంటిదండీ. మడతపెట్టిన చీరలాగా ఉంటుంది. విప్పితే తొమ్మిది గజాలు."

"అయితే ఆ ముక్కలు ఎక్కడున్నాయో అడగండి."

అడిగాను. మాబున్ని చేతిలో సమోసా అక్కడే ఆగిపోయింది. అప్పటిదాకా ఎదురుగా చూస్తున్న మనిషి చెప్పుల వైపు చూసింది.

"నాకు తెల్దు. ఖలాస్." లేచి సంచి తీసుకుంది. "రాజన్నా, బండి తియ్యి. టైమైపోయె."

ఒక ఫోను

శనివారం మేం మార్కెట్టులో చేపల వేలం చూస్తుండగా నా ఫోను మోగింది. మాబున్ని. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"ఏం చెప్పినావ్ సార్ ఆయమ్మకు?"

"ఏదీ, మీరు చెప్పిందే…"

"నేను చెప్పింది అది కాదు. ఇంట్లో కూడా సినిమా తీయాల, కాగితాలు యాడ దాసిందో మీ పనిమనిషికి తెలుసు అని ఆయమ్మ మా మామాకు మెసేజ్ పెట్టింది. మామా నన్ను పిల్సి, ఆ ఇంట్లో దాసిన దానివి నా ఇంట్లో ఏం దాసినావ్ అనింది. పదహైదేండ్లయింది నేను ఈ దేశానికొచ్చి. ఒగ చెంచా పోయిందన్న మాట ల్యా. నెలాఖరుకు నా ఇఖామా, ఈడ ఉండేదానికిచ్చే పర్మిషను, అయిపోతాది. నన్ను పిలిపిచ్చుకున్న కఫీలు మామా మొగుడే. ఇది తేలేదాకా కొత్తది చేపీను అనినాడు."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. వెనక చేపలు అమ్మేవాడు గట్టిగా అరుస్తున్నాడు.

"ఇంటికి పంపిస్తే పోతా సార్, అన్నం యాడైనా దొరుకుతాది. దొంగ అనిపిచ్చుకోని మాత్రం ఇమానం ఎక్కను."

ఫోను పెట్టేసింది. పక్కనున్న రాజన్నకు సగం వినబడింది, మిగతా సగం నా మొహం చెప్పింది.

"ఏం జేసిన్రు సార్?"

"కొంచెం పెంచి చెప్పాను."

"ఎంత పెంచిన్రు?"

"మూడు మాటలు ముప్పై."

రాజన్న చేపను తిప్పి మొప్పలు చూసుకుంటూ అన్నాడు. "నీ పుస్తకంల పెంచుకోరాదుండ్రి సార్. ఇక్కడ మనిషి ఇఖామా మీద పెంచుడేంది?"

నీ పుస్తకం అన్నచోట నేను నువ్వు అయిపోయాను, ఆ వెంటనే మళ్లీ మర్యాద తెచ్చిపెట్టుకున్నాడు. ఆ నువ్వుకు నేను తగినవాణ్నే.

సాయంత్రం నెస్రిన్ దగ్గరకెళ్లి ఉన్నది ఒప్పుకున్నాను. దీపస్తంభం నాది, వణికే గోడలు నావి, తుపాను, కన్నీళ్లు, ఎడారి అన్నీ నావే. మాబున్నివి మూడు మాటలు. రాసేది, చింపేది, బుట్టలో వేసేది. నెస్రిన్ తన నోటుబుక్కు తీసి నిన్న రాసుకున్నది ఒక్కొక్క వాక్యం కొట్టేసింది. పేజీలో చివరకు ఒక్క వరస మిగిలింది.

"ఇది చాలు నాకు," అంది. "ముందు ఆమె పేరు బాగుచేద్దాం. రేపు మీరూ రావాలి. ఈసారి ఆమె దగ్గితే మీరూ దగ్గండి, అంతే."

సల్వా బస్సు

ఆదివారం పొద్దున రాజన్న బండికి మరమ్మతు. నెస్రిన్, మురాత్ కెమెరా సరంజామాతో వేరే కారులో ముందే వెళ్లారు. రాజన్నా నేనూ బస్సెక్కాం. మూడు వందల ఫిల్సులకు సముద్రం పక్కనే అంత దూరం తీసుకుపోతే మనవాళ్లు బస్సుకు కొబ్బరికాయ కొడతారు. ఒక పక్క నీలం రంగు నీళ్లు, మరోపక్క ఒకదాన్ని మించిన మరో మేడ. నేను మాత్రం కాలేజీలో ఇన్‌స్పెక్షన్ రోజులా, చెప్పబోయే నాలుగు ముక్కలూ బట్టీ పడుతున్నాను.

క్షమాపణకు వెళ్తూ చేతులూపుకుంటూ వెళ్లడం మా వైపు మర్యాద కాదు. అందుకని మూడు కిలోల నారింజలు, నా పుస్తకాలు రెండు కాపీలు పట్టుకున్నాను.

"నారింజలు చాలు సార్," అన్నాడు రాజన్న.

ఖలాస్ పెట్టె

మామా నిలువెత్తు మనిషి. ఇంగ్లీషు నాకన్నా శుభ్రంగా మాట్లాడుతుంది. ఎడారిలో గుడారం వేయించుకోవడం గురించి ఫోనులో ఎవరినో చీవాట్లు పెడుతూనే మమ్మల్ని కూర్చోమని సైగచేసి, ఖర్జూరాలూ కాఫీ తెప్పించింది. చేదు కాఫీ, మా ఆచమన పాత్రంత కప్పు. ఫోను పెట్టేసి నా జాకెట్టు చూసి, ఏసీ పనివాణ్ని తాను పిలవలేదే అంది.

నేను లేచి నిలబడి చెప్పాను. "అమ్మా, కాగితాలు దాచిందని మీ మాబున్ని అనలేదు. ఆ మాట నేను కల్పించాను. తప్పు నాది."

మామా ఒక ఖర్జూరం తీసుకుంది. "అయితే కాగితాలు లేవా?"

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చాను. తలుపు దగ్గర నిలబడ్డ మాబున్ని కొట్టిపారేస్తుందనుకున్నాను. కాని ఆమె చున్నీ సర్దుకుని ముందుకొచ్చింది.

"ఉండాయి," అంది. "రాజన్నా, నా మంచం కింద పెట్టె ఉండాది. తే."

రాజన్న తెచ్చింది పెద్ద అట్టపెట్టె. చుట్టూ ఎన్ని వరసల టేపు వేశారంటే అట్ట ఎక్కడా కనిపించడం లేదు. ఆరు వైపులా రాయచోటి అని ఇంగ్లీషులో నల్ల అక్షరాలు.

"మేం దీన్ని ఖలాస్ పెట్టె అంటాం సార్," అంది నాతో. "నడిమిట్లో పంపే డబ్బాలు వేరే. ఇది మళ్లా రాకుండా పోయే రోజు జతకు తీస్కపోయేది. తొమ్మిదేండ్లయె కట్టి. ఇప్పుడే ఇప్పాల్సొచ్చె. ఇప్పుతా. అందురి ముందర ఇప్పుతా."

కత్తి తెచ్చి తనే టేపు కోసింది. మురాత్ కెమెరా ఎత్తబోతే నెస్రిన్ అతని చెయ్యి పట్టుకుని, మాబున్నిని చూసింది.

"తీయనీ," అంది మాబున్ని. "దొంగతనం కాదు కదా."

పైన ఒక దుప్పటి, సబ్బులు, పాలపొడి డబ్బా. కింద పొందికగా పేర్చిన టీ గ్లాసులు, సన్నటి నడుముతో ఉండే టర్కీ రకం. రెండు డజన్లు. ఒక్కొక్క గ్లాసూ ఒక్కొక్క కాగితంలో చుట్టి ఉంది. కాగితాల మీద నీలం సిరాతో చేతిరాత. చాలావరకు సగానికి చింపిన ముక్కలు.

నెస్రిన్ ఒకటి తీసింది. వెలుతురుకు పట్టి చూసి, ఆవిడ రాతే అంది. ఇది నేను పెంచింది కాదు.

మాబున్ని మామా వైపు తిరిగి అరబ్బీలో, నా వైపు తిరిగి తెలుగులో, ఒకే మాట రెండుసార్లు చెప్పింది. నేను నా వంతు చెప్పాను, ఒక్క అక్షరం ఎక్కువ లేకుండా.

"గ్లాసులు హానుమ్ ఇచ్చినాది. కాగితాలు బల్ల మీంచి తీలా. బుట్టలోంచి తీసినా. అక్షరం ఉండే కాగితాన్ని చేప ముండ్లతో పాటు పారేస్తే నాకు నిద్ర పట్టదు. అందులో దేవుని పేరు ఉంటాదేమో ఎవురికి తెలుసు. శానా మటుకు మసీదు కాడ రాసిన కాగితాలేసే డబ్బాలో ఏసినా. కడాకు మిగిలినవి ఈటికి చుట్టినా. అడక్కుండా తీసినా, అది తప్పే. అందుకే ఇన్నాళ్లు చెప్పలా."

మామా ఖర్జూరపు గింజను పళ్లెంలో పెట్టింది. అరబ్బీలో ఏదో అడిగింది. మాబున్ని తలాడించింది. రాజన్న నా చెవిలో చెప్పాడు. "బుట్టల నుంచేనా అన్నది. అవునన్నది."

మామా లేచొచ్చి ఒక ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని చూసి, మళ్లీ గ్లాసుకు చుట్టి పెట్టింది. "మా అమ్మమ్మ వీధిలో కాగితం కనబడితే మమ్మల్ని వంగి తీయించేది," అంది ఇంగ్లీషులో. "గోడ సందులో దోపేవాళ్లం." తరువాత మాబున్నితో నాలుగు ముక్కలు అంది. అందులో ఇఖామా అన్నది నాకూ తెలిసింది, బుక్రా అన్నదీ తెలిసింది. రేపు అని అర్థం. మాబున్ని చున్నీ అంచుతో ముక్కు తుడుచుకుని, కాఫీ చల్లారిపోతోందని మమ్మల్ని కోప్పడింది.

వెల్లుల్లి పక్కన

ఆ మధ్యాహ్నమంతా నెస్రిన్ నేలమీద కూర్చుని చింపిన ముక్కలు జతచేసింది. ఒక సగం మూడో గ్లాసుకు, దాని రెండో సగం పదిహేడో గ్లాసుకు. చదువుతూ మధ్యలో నవ్వింది, మధ్యలో కళ్లు తుడుచుకుంది.

"ఎలా ఉన్నాయి?" అన్నాను.

"చాలా మటుకు బాగా లేవు," అంది. "ఒకే పాదం పదకొండు రకాలుగా రాసి కొట్టేసింది. కలం అమ్ముకున్న మనిషి ఇంత కష్టపడదు. రోజూ రాసింది. రాలేదు. మళ్లీ రాసింది. మా నాన్నకు ఇది ఎవరూ చెప్పలేదు."

ఎందుకు చింపేదని మాబున్నిని అడిగితే, ఆమె వంటింట్లో కూర్చుని చూపించినట్టు చెప్పింది.

"పొద్దున్నే నేను తెల్లగడ్డలు వొలుస్తా ఉంటే, కుర్చీ తెచ్చుకోని నా ఎదురుగా కూకోనేది. రాసింది సదివేది. సదివి నా మొగం జూసేది. నాకు ఆ బాస రాదు కదా సార్, మొగం యాడ మారుతాది? అట్లే వొలుస్తా ఉంటే, చించి బుట్టలో ఏసి పోయేది."

నేను మాట మార్చకుండా చెప్పాను. నెస్రిన్ రాసుకోవడం ఆపేసింది. అంత పేరున్న కవయిత్రికి ఆరేళ్లపాటు ఉన్న ఒకే ఒక్క విమర్శకురాలు వెల్లుల్లి వలుస్తూ కూర్చున్న మనిషి.

"ఒగటి చింపలా," అంది మాబున్ని. ఒక గ్లాసు తీసి ఇచ్చింది. దాని చుట్టూ ఉన్న కాగితం పూర్తిగా ఉంది, మడతలు తప్ప చిరుగు లేదు. "ఆ పొద్దు నేను తల ఊపినా. ఆయమ్మకు ఎంత సంతోసమో. లేసి నా నుదురు ముద్దు పెట్టుకోని, ఈ గ్లాసులు ఇచ్చె. ఆ కాగితం బల్ల మిందే పెట్టుకున్న్యాది. ఆయమ్మ పోయినాక తమ్ముడు బల్లంతా ఊడ్సి బుట్టలో ఏసినాడు."

నెస్రిన్ అడిగింది. "ఆ రోజు ఎందుకు ఊపింది? ఏం నచ్చింది?"

నేను అడిగాను. మాబున్ని నన్ను చూసింది, నెస్రిన్‌ను చూసింది, కెమెరాను చూసింది.

"నిద్రొచ్చింది సార్. ముందురోజు ఇంట్లో దావత్. గిన్నెలు కడిగేతలికి తెల్లారె. తూగినా."

ఇక నా వంతు. నా జీవితంలో పెంచి చెప్పాలన్న కోరిక ఇంత బలంగా ఎప్పుడూ పుట్టలేదు. ఆత్మకు భాష అక్కరలేదని అనవచ్చు. కవిత్వం చెవితో కాదు, గుండెతో వింటారని అనవచ్చు. నెస్రిన్ నమ్మేది, సినిమా పండేది, ప్రేక్షకులు ఏడ్చేవాళ్లు. రాజన్న నన్నే చూస్తున్నాడు.

"నిద్రొచ్చింది. తూగింది," అన్నాను ఇంగ్లీషులో.

నెస్రిన్ చేతిలో గ్లాసు కింద పెట్టింది. తరువాత పగలబడి నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వు ఏడుపయ్యేదాకా ఆపలేదు. మురాత్ మీసాలు కదలడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

"ఆ కవిత బాగుందా?" అన్నాను.

"బాగుంది. చింపినవాటిలో ఇంతకన్నా మంచివి రెండున్నాయి." ముక్కు చీదుకుంది. "ఇది ఇలాగే సినిమాలో ఉంటుంది. రెండు వర్గాలూ నన్ను తిడతాయి."

మళ్లీ చుట్టడం

కాగితాలన్నీ నెస్రిన్‌కు ఇవ్వడానికి మాబున్ని ఒప్పుకుంది. నెస్రిన్ ఒక్కొక్కటీ లెక్కపెట్టి, తీసుకున్నట్టు రాసి సంతకం చేసి, మామా చేత కూడా సంతకం పెట్టించి మాబున్ని చేతికిచ్చింది. మాబున్ని దాన్ని పాస్‌పోర్టు పెట్టుకునే సంచిలో దాచుకుంది. అప్పుడు నేలమీద ఒట్టిగా మెరుస్తున్న ఇరవైనాలుగు గ్లాసులు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇప్పుడు వీటికి ఏం చుట్టేది?"

నా సంచిలో రెండు కాపీలు ఉన్నాయి. ఒకటి తీసి మధ్యకు పట్టుకున్నాను.

"రాసిందాన్ని చింపగూడదు సార్."

"నేనే రాశానండీ. నేనే చింపుతున్నాను."

"హానుమ్ గూడా వచ్చీరాని అరబ్బీలో ఇట్లే అనేది," అంది గాని చెయ్యి చాచింది. రాజన్న పక్కనుంచి కాగితం నాణ్యత గురించి ఆమెకు భరోసా ఇచ్చాడు.

నేను ఒక్కొక్క పేజీ ఊడదీసి ఇస్తుంటే ఆమె ఒక్కొక్క గ్లాసూ చుట్టసాగింది. నా పదిహేనేళ్ల హాస్యం, అచ్చుతప్పులతో సహా, సన్నని నడుముల చుట్టూ ఒదిగిపోయింది. కువైట్‌లో నా పుస్తకానికి అంత గిరాకీ వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఐదారు గ్లాసులయ్యాక ఆమె అడిగింది.

"ఏం రాసినావ్ సార్ ఇందులో?"

"నవ్వొచ్చేవి."

"అట్లయితే ఒగటి సదువు. చేతులు పని చేస్తాంటాయి, చెవులు ఊరికే ఉండాయి కదా."

చదివాను. మా తణుకు మున్సిపాలిటీ పందుల మీద రాసినది. కాలేజీలో స్టాఫ్‌రూమంతా పొట్టచెక్కలయ్యేలా నవ్విందని నేను పాతికమందికి చెప్పిన వ్యాసం. అసలు నవ్వింది ఇద్దరు. మాబున్ని నవ్వలేదు. గ్లాసు వెనక గ్లాసు చుట్టుకుంటూ వింటోంది. భాష తెలిసిన మనిషి. మొహం మారడానికి ఏ అడ్డూ లేదు. నేను పేజీ పూర్తిచేసి ఆమె మొహం చూశాను. హానుమ్ ప్రతి పొద్దునా ఎంత దూరం నుంచి ఆ మొహం వైపు చూసేదో నాకు అప్పుడు తెలిసింది.

చివరి గ్లాసు చుట్టడం అయ్యింది. మాబున్ని దాన్ని ఒళ్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి, మెల్లగా తల ఊపింది.

ఎందుకు ఊపిందో నేను అడగలేదు.